మా అత్త తరఫున తెల్ల ఎలుకల సాక్ష్యం

ఎలుకలతో పనిచేసే కోడల్ని తెచ్చుకున్నామని మా అత్త పుంగనూరులో ఎవరికీ చెప్పేది కాదు. "బెంగుళూరులో ఆపీసు" అనేది. ఏం ఆఫీసు అని ఎవరైనా గుచ్చి అడిగితే, "పెద్దదేలే" అని మాట మార్చేసేది. నేను కుప్పంలో కాపురముంటూ, పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు వెళ్లి, ఒక పరిశోధనశాలలో తెల్ల ఎలుకల్ని చూసుకునేదాన్ని. దోమలు మోసుకొచ్చే వైరస్‌లు ఒంట్లో చేరి ఏం చేస్తాయో మనుషుల్ని కోసి చూడలేరు కదా, అందుకని ఎలుకలకు ఎక్కించి చూస్తారు. ఈ ముక్క ఆమెకు చెప్పి ఏం లాభం? ఇంట్లో ఎలుక తోక కనిపిస్తే చాలు, చీపురు తిరగేసే మనిషి.

రెండు వేల ఆరులో చికున్‌గున్యా వచ్చింది. మా పక్క ఏ ఊరికి పోయినా జనం నడుం వంచుకుని, గోడలు పట్టుకుని నడుస్తున్నారు. పుంగనూరులో మా అత్తనూ పట్టుకుంది. జ్వరం పోయింది గానీ కీళ్లు ఆమె మాట వినడం మానేశాయి. కుప్పానికి తీసుకొచ్చేశాం. కింద కూర్చుంటే లేవలేదు. సంగటి కెలికే తెడ్డు చేతిలో నిలవదు. పోనీ అని మా పుట్టింటి ఊరు మదనపల్లెలో డాక్టరుకు చూపిస్తే, ఆయన కాగితాలన్నీ తిరగేసి, జ్వరం ఎప్పుడో పోయింది, ఇవి వయసు నొప్పులే అన్నాడు. ఆ మాట మా ఆయన చెవిన పడకుండా ఉంటే బాగుండేది.

మా ఆయనకు గ్రానైటు ఫ్యాక్టరీలో పని. బండను తట్టి చూసి లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు. ఆ ధీమా ఇంట్లో కూడా చూపిస్తాడు. "నీకేం లేదు మా, పని తప్పించుకునేదానికి నాటకాలు" అన్నాడు తల్లితో. నవ్వుతూనే అన్నాడు, కానీ అత్త నవ్వలేదు. పనిదొంగ అని ఆమెను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అనలేదు. మాత్రలూ సూదులూ ఎట్లా పోయినా సరే, తనకు నొప్పి ఉందని కన్నకొడుకు నమ్మాలి. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే మా దగ్గర చికున్‌గున్యా వైరస్‌ను ఎలుకలకు ఎక్కించడం మొదలుపెట్టారు. నోరు ఊరుకోక ఆ సంగతి ఇంట్లో చెప్పాను. అంతే, ఇల్లు కోర్టయిపోయింది. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే అత్త అడిగేది.

"ఏం మే, నీ ఎలకలు ఈ పొద్దు ఎట్ట నడస్తాండాయి?"

మొదట పెద్ద ఎలుకలకు ఎక్కించారు. వాటికి ఏమీ కాలేదు. తిన్నాయి, తిరిగాయి, మీసాలు దువ్వుకున్నాయి. దాచలేక చెప్పేశాను. మా ఆయన ముఖం చూడాలి, లాటరీ తగిలినట్టు!

"సూస్తివా మా! పెద్ద ఎలకలకు ఏం కాలేదంట. నీ ఈడువే కదా అవి!"

"ఎలకకూ నాకూ ఈడు సూస్తాండావా? నీ నోట్లో మన్ను పడ!" అంది అత్త. ఆ ఎలుకలు చేసిన దానికి ఆమె నా మీద అలిగి రెండు పూటలు మాట్లాడలేదు.

నేను ఆయనకు విడమరిచి చెప్పి చూశాను. ఎలుకల్లో పెద్దవి ఈ వైరస్‌ను ఇట్టే దులిపేసుకుంటాయి, పసివాటినే పట్టుకుంటుంది. మనుషుల్లో అట్లా కాదు, వయసు మళ్లినవాళ్లను ఇంకా ఎక్కువ సతాయిస్తుంది. ఎలుకను చూసి మనిషి సంగతి ఎంతవరకు చెప్పొచ్చు అనేదానికే మేం అక్కడ తలలు బద్దలు కొట్టుకుంటున్నాం అన్నాను. వింటాడా? సాక్షి తన పక్క చెప్పాక ఏ ప్లీడరైనా ఊరుకుంటాడా!

తరువాత పాలు మరిచే వయసు పిల్ల ఎలుకలకు ఎక్కించారు. కొద్ది రోజులకు అవి ఒక పక్కకు ఒరిగిపోతూ, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడవసాగాయి. పైన జాలీలో ఉండే మేత వాటికి అందలేదు. అట్లాంటప్పుడు మేతను నీళ్లలో నానబెట్టి పెట్టె అడుగునే పెట్టడం మా పద్ధతి. ఆ పని నాదే.

ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే అత్త మంచం పట్టె పట్టుకుని, అబ్బా అమ్మా అంటూ లేచి కూర్చుంది.

"ఇంకోసారి సెప్పు మే. వాడు వినాల."

వాడు విన్నాడు. "అవి పిల్లవి కదా మా" అని గొణిగాడు.

"పిల్లవైతే ఏం రా? అవి యాల నాటకమాడతాయి? సట్లు తోమాల్సొస్తాదనా? నోరు లేనిది కాలీడిస్తే మేత దించి పెట్టిరి. నేను నోరుండి మొత్తుకుంటాంటే నాటకమంటివే!"

కేసు అత్త గెలిచింది. గెలవాల్సిందే, నాకు ఎంత సంతోషమేసిందో! కాకపోతే మేత దించిన చేతులు నావే, ఇంట్లో పొయ్యి మాత్రం ఇంకా నేల మీదే ఉంది. అది చూసి నాకే సిగ్గేసింది.

ఆదివారం ఆయన ఫ్యాక్టరీ నుంచి మూల విరిగిన బండొకటి ఆటోలో వేసుకొచ్చాడు. ఇటుకలు పేర్చి, బండ పరిచి, పొయ్యిని దాని మీదికి ఎక్కించాడు. తప్పయిందని అనలేదు, ఆ మాట ఆయనకు నోరు తిరగదు. "ఎత్తు సరిపోయిందా మా?" అని మాత్రం అడిగాడు.

అత్త నిలబడి సంగటి కెలికింది. తెడ్డును రెండు చేతులతో పట్టుకుని, పంటి బిగువున కెలికింది. మాకు ముద్దలు పెట్టాక, నిమ్మకాయంత ముద్ద ఒకటి వేరే చేసి, అరిటాకులో చుట్టి నా చేతికిచ్చింది.

"రేపు తీసకపో. నా పక్క సాక్షి సెప్పినాయి కదా, వాటికి పెట్టు."

సరే అని తీసుకుపోయి రైల్లో నేనే తినేయొచ్చు. కానీ నమ్మడం లేదని ఇంత ఏడ్చిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అవి లేవు అత్తా. లోపల కండలూ కీళ్లూ ఎట్టుండాయో సూడాలంటే, పనయినాక వాటిని ఉంచరు."

"సంపేస్తిరా?"

"నొప్పి తెలీకుండానే అత్తా."

"తెలిసేది ముందే తెలిసె కదమ్మా" అంది.

ఆకు నా చేతిలోంచి తీసేసుకుంది. వంటింటి మూలలో శనక్కాయల మూట పక్కన ఆమె పెట్టించిన ఎలుకల బోను ఉంది. కొత్త బండను ఒక చేత్తో పట్టుకుని, మెల్లగా, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆగకుండా, నేల మీద కూర్చుంది. బోనును పక్కకు నెట్టి, దాని చోట ఆకు పరిచింది. ఆ తరువాత కొడుకు వైపు చెయ్యి చాచింది.

"శనక్కాయలన్నీ తినేస్తాయి మా" అన్నాడు ఆయన, ఆమెను రెండు చేతులా పొదివి పట్టుకుని లేపుతూ.

"తిననీ రా. కాళ్లాడేటివన్నా తిరగనీ."