పడమటి గోడ డిజైన్

బాలనర్సయ్యను ఏమన్నా పడతాడు. బట్టతల అనండి, నవ్వుతాడు. పిసినారి అనండి, తలూపుతాడు. ఆయన ఇంటిని మాత్రం ఒక్క మాట అన్నారో, మీకూ ఆయనకూ ఆ రోజుతో సరి. ఎల్లారెడ్డిలో ఈ సంగతి తెలియనిది ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకే, అదీ మొదటి రోజు మాత్రమే.

ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. కామారెడ్డిలో టికెట్టు చింపుతూ ఇంటి వర్ణన గుమ్మంతో మొదలుపెడితే, లింగంపేట వచ్చేసరికి వంటింట్లో ఉండేవాడు, ఎల్లారెడ్డిలో బస్సు ఆగేసరికి దాబా ఎక్కేవాడు. చివరికి ఆ ఇల్లు కట్టిన మేస్త్రి పేరు కూడా చెప్పి గాని ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. నిద్రపోతున్నవాళ్ళను లేపి మరీ చెప్పేవాడు.

ప్రయాణికులకు ఆ బాధ గంటన్నర. భార్య చిన్నవ్వకు ఇరవై రెండేళ్ళు, ఎందుకంటే ఆ ఇంట్లో ఉండేది ఆమె. పడమటి గోడ గదిలోకి ఒంగి ఉంటుంది; దానికి తగిలించిన పెళ్ళి ఫోటో కింది అంచు గోడకు జానెడు దూరంలో ఊగుతుంది. వంటింటి తలుపు ఎవరూ ముట్టకుండానే మూసుకుంటుంది. వానాకాలంలో వసారా కారుతుంది.

"అది డిజైన్," అనేవాడు బాలనర్సయ్య. "స్ప్రింగు లేకుండనే మూసుకునే తలుపు కలెక్టరింట్ల గూడ లేదు."

"మరి కారుడు?"

"అందరి ఇండ్లు నాలుగు దిక్కుల కారుతయి. మనది ఒక్క దిక్కే కారుతది. ఒక్క బకీటు సాలు. డిజైన్!"

"నీ నోరు గూడ డిజైనే," అని గొణుక్కుంటూ చిన్నవ్వ కూలి బీడీలు చుట్టేది.

పోయిన ఏడు మున్సిపాలిటీవాళ్ళు ఇంటిపన్ను కోసం కొలవడానికి వచ్చారు. అలాంటప్పుడు ఎవరైనా ఇల్లు చిన్నదని చెప్పుకుంటారు. ఈయన చాయ పోయించి, టేపు రెండో కొస తానే పట్టుకున్నాడు.

"సజ్జ రాసుకున్నరా? మెట్లు? కోళ్ళ గూడు ఇడిసిపెట్టిన్రేంది, దానికి గూడ స్లాబున్నది!"

వాళ్ళు రాసుకున్నారు. నెలకు నోటీసు వచ్చింది. పన్ను మూడింతలైంది.

చిన్నవ్వ ఆ నోటీసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "గిట్ల కట్టుకుంట పోతే ముంగటి రెండు గదులు కిరాయికిచ్చుడే. మనం కోళ్ళ గూట్ల పండుడే. దానికి స్లాబున్నది గద!"

బాలనర్సయ్య మొదటిసారి డిజైన్ అనలేదు.

తెలిసినవాళ్ళు దారి చెప్పారు. ఇంటి విలువ కట్టే ఇంజనీరుతో రిపోర్టు రాయించి, దాన్ని జతచేసి అప్పీలు చేసుకోవచ్చట. కామారెడ్డి నుంచి అర్షద్ అనే ఇంజనీరు వచ్చాడు. ఇల్లు ఎంత తక్కువ విలువదో చూపించడం అతని పని. ఎంత గొప్పదో చూపించడం బాలనర్సయ్య పని. ఇద్దరూ ఒకే గదిలో పడ్డారు.

"ఇక్కడ పగులున్నది, పెద్దాయనా."

"పగులు కాదు సారూ, గాలి రానీకి ఇడిసినం."

"ఈ తలుపు..."

"డిజైన్."

అర్షద్ పడమటి గోడ పక్కన గుండు కట్టిన దారం వేలాడదీశాడు. దారం ఒక దారిన పోయింది, గోడ ఇంకో దారిన పోయింది. బాలనర్సయ్య కళ్ళు చికిలించి చూశాడు.

"సారూ, నీ దారం వంకరున్నట్టున్నది."

అర్షద్ నవ్వి చిన్నవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, ఎక్కువ కొలిచిన జాగ తీసేస్తే పన్ను కొంత తగ్గుతది. 'కట్టుబడి నాసిరకం' అని ఒక్క ముక్క గూడ రాస్తే, సగం కన్న ఎక్కువే తగ్గొచ్చు."

"రాయి బిడ్డా. పెద్ద పెద్ద అక్షరాలతోటి రాయి."

"ఆ ముక్క ఒద్దు," అన్నాడు బాలనర్సయ్య.

చిన్నవ్వ బీడీల చాట నేలకు కొట్టింది. "నీ గొప్పల కోసం నేను ఇంకెన్ని బీడీలు చుట్టాలె?"

బాలనర్సయ్య గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గడం చిన్నవ్వ ఎన్నడూ వినలేదు. "నాసిరకమని రాస్తే, కట్టిందెవరని అడుగుతరు గదనే. భూమక్క అని ఊరందరికి తెల్సు. నేనే చెప్పిన గద."

భూమక్క అప్పట్లో తట్టలు మోసే కూలి. మేస్త్రీలను చూసి చూసి పని నేర్చుకుంది గాని, ఆడమనిషి చేతికి తాపీ ఇచ్చేవాళ్ళు లేరు. ఈ ఇల్లే ఆమె మొదటి ఇల్లు, పడమటి గోడే మొదటి గోడ. చూసి ఊరు నవ్వింది. ఇంతవరకూ చిన్నవ్వకు తెలుసు.

"గోడ లేచిన తెల్లారి బస్సుల ఒగాయన, ఆడిదాని కట్టుడు గట్లనే ఉంటది అని నవ్విండు. నాకు కోపమొచ్చింది. మా ఇల్లసొంటిది జిల్లల లేదు, భూమక్క కట్టింది అన్న. బస్సంత విన్నది. వారానికి ఆమెకు ఇంకో ఇల్లు దొరికింది. ఇగ ఆపబుద్ధి గాలె."

చిన్నవ్వ వేళ్ళు మడవసాగింది. బస్టాండు వెనక మూడిళ్ళు, నిజాంసాగర్ దారిలో రెండు, మహమ్మద్‌నగర్‌లో బడి ప్రహరీ... వేళ్ళు చాలలేదు. అన్నీ భూమక్క కట్టినవే, అన్నీ నిటారుగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ మనిషి తన గొప్ప చెప్పుకుంటున్నాడనే అనుకుంది ఆమె. ఇలాంటివాడు తన పెనిమిటి అని ఆమెకు ఎంత గర్వమనిపించిందంటే, అది ఎక్కడ బయటపడుతుందోనని అర్షద్‌ను గద్దించింది.

"ఒద్దంటుండు గద బిడ్డా, ఆ ముక్క కొట్టెయ్యి!"

రిపోర్టులో సజ్జ పోయింది, మెట్లు పోయాయి, కోళ్ళ గూడు మళ్ళీ కోళ్ళదైంది. ఇంటి వయసు, బజారు ధర ఉన్నదున్నట్టు పడ్డాయి. పడమటి గోడ దగ్గర అర్షద్ చాలాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి రాశాడు: "వంపు ఉన్నది. యజమాని తెలిపిన ప్రకారం, డిజైన్." మున్సిపాలిటీ అధికారి ఆ వాక్యం రెండుసార్లు చదివి, కొలతలు సరిచేయించి, మూడింతల పన్నును రెండింతలకు దించాడు. ముంగటి గదులు ఇంటివాళ్ళకే మిగిలాయి.

సంగతి భూమక్క చెవిన పడింది. ఇప్పుడామె పెద్ద మేస్త్రి. మర్నాడే తాపీతో, ఇద్దరు కూలీలతో వచ్చింది.

"అన్నా, ఆ వంకర గోడ ఇరవై రెండేండ్ల సంది నా కండ్లల్ల గుచ్చుకుంటున్నది. రూపాయొద్దు. కూలగొట్టి సక్కగ కట్టిస్త."

బాలనర్సయ్య నోరు తెరిచేలోపే చిన్నవ్వ లేచింది. గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది. ఆమె తల పక్కన పెళ్ళి ఫోటో ఊగింది.

"ఏది వంకర?" అంది. "అది డిజైన్, భూమక్కా. చెయ్యి పెట్టకు."