ఖాళీ గడి పక్కన సున్నా

నా చిన్నప్పుడు దుప్పటి రావాలన్నా ముందు ఊరు ఉండాలి. మాకు లేదు. మా వాళ్ళంతా తలో దిక్కూ పోయాక సర్కారు కాగితాల్లో మా ఊరిని ‘వీరాన్’ అని రాశారు, మనుషుల్లేని ఊరని. ఆ ఊరి మనుషులమే, నేనూ మా చెల్లీ, ఆవపల్లి హాస్టల్లో ఉండేవాళ్ళం. మాలాంటివాళ్ళు ఇంకొందరు ఉండేవాళ్ళు. కంప్యూటర్లో మా పేర్ల ఎదురుగా ఊరి గడి ఖాళీ.

ఊళ్ళవారీగా ఎంతమంది పిల్లలున్నారో బీజాపూర్‌లోని జిల్లా ఆఫీసుకు రాసి పంపితే అన్ని దుప్పట్లు వస్తాయన్నారు. చెల్లికి అప్పటికే దగ్గు పట్టుకుంది. హాస్టల్లో కంప్యూటర్ చూసే అక్క లెక్క తీసి గోడకు అంటించింది. ప్రతి ఊరి పక్కనా ఒక అంకె. అడుగున పేరు లేని గడి, దాని పక్కన సున్నా.

“అక్కా, ఈ సున్నా ఎవరు?” అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

ఆమె నవ్వి అందరినీ వరండాలోకి పిలిచి, ఏ ఊరి పిల్లలు ఆ ఊరి గుంపుగా నిలబడమంది. ఎందులోనూ చేరలేని వాళ్ళం చివర ఒక గుంపయ్యాం. ఊరి పేరు చెప్పిన ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెడుతూ వచ్చి మా దగ్గర ఆగింది. “మీదేంది?” “మా ఊరు కాయితంల లేదక్కా,” అన్నాను. “ఐతే సున్నా!” పిల్లలంతా పగలబడి నవ్వారు.

“మేం నిలబడే ఉన్నం గదక్కా!”

“నిలబడితే ఏంది పిల్లా? కంప్యూటర్‌ను ఊరి పేర్లు లెక్కపెట్టమన్న. మనుషుల్ని లెక్కపెట్టమనలే.”

“మనుషుల్నే లెక్కపెట్టమనుండ్రి మరి!”

“అబ్బో, నాకే సదువు చెప్తున్నవా?” అంటూనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఊరి గడిని కాకుండా, మనిషికొకటిగా ఉన్న మొత్తం వరుసల్ని లెక్కపెట్టమని కంప్యూటర్లో ఒక్కచోట మార్చింది. సున్నా పోయి, ఆ స్థానంలో మేమందరం అంకెగా వచ్చాం. పరిగెత్తుకెళ్ళి చెల్లిని లాక్కొచ్చి చూపించాను.

“ఇది బీజాపూర్‌కు పోతదా అక్కా?”

“పాతది పొద్దుగాల్లనే పోయింది. ఇది నీకు సమజయ్యేటందుకు చేసిన, అంతే. మళ్ళ ఎవరు పంపుతరు?” అని కంప్యూటర్ ఆపేసింది.

దుప్పట్లు ఊరికో కట్టగా వచ్చాయి. మాకు కట్ట లేదు. చెల్లి నా చున్నీ కప్పుకుని, నా వీపుకు ఆనుకుని, ఆ చలికాలమంతా దగ్గింది.

ఇప్పుడు మద్దేడ్‌లో ఒక దుకాణంలో కంప్యూటర్లో వివరాలు ఎక్కించే పని చేస్తున్నాను. చదువు పదితోనే ఆగింది గానీ, గుంపుల లెక్కలో మాత్రం నాకు తప్పు రాదు. ఆ విద్య ఆ హాస్టల్ అక్క పెట్టిందే, కాదనను. ఎక్కడైనా సున్నా కనబడితే కాగితం చేతికివ్వను. ఆ గుంపులో ఎవరు నిలబడి ఉన్నారో ముందు చూస్తాను. చూస్తున్నంతసేపూ వరండాలో పిల్లలు నవ్విన ఆ నవ్వు నా చెవిలోనే ఉంటుంది.