డాక్టరమ్మ తినకుండా పోయిన ఇల్లు

మా కొండమీద ఏ ఇంటికెళ్ళినా కడుపులో ఏదో ఒకటి పడందే గడప దాటనివ్వరు. వేడి బెల్లంనీళ్ళో, అరేపా అనే మొక్కజొన్న రొట్టె మీద ఇంత జున్నుముక్కో, మధ్యాహ్నమైతే పళ్ళెం నిండా చిక్కుడుగింజలూ అన్నమూ. వద్దన్నారా, ఆ ఇంటిని తీసిపారేసినట్టే. డాక్టర్ ఒఫేలియా తమాయోకి ఈ సంగతి మాకంటే బాగా తెలుసు. పాతికేళ్ళుగా మా దగ్గర ఎంత రక్తం తీసిందో అంత తిండీ తినిపోయింది. అలాంటి మనిషి ఓ రోజు, ఓ ఇంట్లో తినకుండా లేచిపోయింది. దాంతో ఓ ఆడపిల్ల బతుకు బుగ్గిపాలయ్యేదే.

ఒఫేలియా మొదట వచ్చినప్పుడు, చదువైపోయిన ప్రతి డాక్టరూ పల్లెల్లో చెయ్యాల్సిన ఏడాది కొలువు కోసం వచ్చిన పిల్ల. వచ్చిన వారంలోనే ఓ ఇల్లాలు మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మనిషికి నలభై అయిదు కూడా లేవు. తన చేతుల్తో కట్టుకున్న ఇంటికి గుమ్మం ఎటుందో వెతుక్కుంటున్నాడు. "బోబెరా పట్టిందమ్మా. వాళ్ళ నాన్నకీ ఈ వయసులోనే పట్టింది" అంది ఆవిడ. మతి పోయే ఆ జబ్బుని మేం అలాగే అంటాం. ఎవడో పాదిరీ శాపమని కొందరు, చెడ్డచెట్టు ముట్టుకున్నారని కొందరు. ఒఫేలియా నవ్వలేదు. "మరి వాళ్ళ తాతకి?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నే ఆవిణ్ణి జీవితాంతం పట్టుకుంది.

ఏడాది అయిపోయినా ఆవిడ పోలేదు. కంచరగాడిద మీద ఐసుపెట్టె కట్టుకుని గుట్ట గుట్టా తిరిగింది. అప్పట్లో మా దారుల్లో తుపాకులవాళ్ళు ఉండేవాళ్ళు. ఓసారి పట్టుకుని పెట్టె తెరిపించారు. లోపల రక్తం సీసాలు. వాళ్ళలో ఒకడు పక్కకి పిలిచి, "మా అమ్మది మోన్‌సాల్వే వాళ్ళిల్లే, బోబెరా ఉన్న వంశం. నాకూ తీస్తారా?" అన్నాడట. రోడ్డుపక్కన రాయిమీద కూర్చోబెట్టి తీసింది. అలా పోగేసిన రక్తంలోనే చివరికి నగరంలోని లాబులో తప్పు దొరికింది. తరం నుంచి తరానికి దిగుతున్న చిన్న తప్పు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి సగానికి సగం అవకాశం.

ఆ తర్వాత మందు వచ్చింది. మతి పోకముందే ఎక్కిస్తే జబ్బు ఆగుతుందేమో చూడాలి. అయితే తప్పు ఉన్నవాళ్ళకే సూది వేస్తే, ఎవరికి ఉందో ఊరంతా తెలిసిపోతుంది కదా. అందుకని లేనివాళ్ళక్కూడా ఉప్పునీళ్ళ సూది వేస్తారు. ఎవరు ఏమిటన్నది నగరంలో ఇద్దరికే తెలుసు. ఒఫేలియాకి తెలీదు. తనకి చెప్పొద్దని తనే నియమం పెట్టింది. "నా మొహంలో ఏదీ దాగదు. తెలిస్తే మీరు చదివేస్తారు" అంది మాతో.

మావాళ్ళు నమ్ముతారా? రక్తం తీసినావిడకే తెలీదట, విన్నారా అని నవ్వుకున్నారు. నోరు విప్పదు కాబట్టి చేతలు చూడ్డం మొదలుపెట్టారు. ఎవరి నాడి ఎక్కువసేపు పట్టుకుంది, ఎవరి బిడ్డని ముద్దుపెట్టుకుంది. ఓసారి వాన ముంచుకొస్తోందని రమీరో ఇంట్లో తినకుండా వెళ్ళింది. కొన్నాళ్ళకి రమీరో సొంత కూతురి పేరు మర్చిపోయాడు. రెండిటికీ ముడిపెట్టింది రోసాల్బా. ఆవిడకి ఇద్దరు కొడుకులు, నోరు మాత్రం పదిమందిది. "డాక్టరమ్మ తినకుండా పోయిన ఇల్లది. ఇంకేం కావాలి?" అంది. ఆ మాట కొండంతా పాకింది.

మొదట చెప్పిన ఆ రోజు ఏమైందంటే, కింది ఇంట్లో పెట్టిన వేయించిన పందితోలు ఒఫేలియా కడుపులో తిరగబడింది. ఆ కడుపు చేత్తో పట్టుకునే రోసాల్బా చెల్లెలు ఎల్వీరా ఇంటికొచ్చింది. ఎల్వీరాకి బోబెరా పట్టి మూడేళ్ళవుతోంది. కూతురు యామిలే పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. డాక్టరుకి చెమటలు పట్టాయి. పిల్ల కళ్ళల్లోకి చూడకుండా "మళ్ళీ వస్తా తల్లీ" అని పరుగులాంటి నడకతో బయటపడింది. పొద్దుగూకేలోపు యామిలేకి ఆ తప్పు ఉందని కొండమీద అందరికీ తెలిసిపోయింది.

తర్వాతి సూదికి యామిలే రాలేదు. "రాదు లెండి" అంది రోసాల్బా, క్లినిక్కులో చెయ్యి చాపి కూర్చుని. "పెళ్ళాడాల్సిన ఫాబియోకి ఉంగరం తిరిగిచ్చేసింది. రోజూ లోయ అంచున కూచుంటోంది. పిలిస్తే పలకదు."

"ఎవరు చెప్పారు దానికి?"

"మీరే చెప్పారుగా డాక్టరమ్మా. నోటితో కాదనుకోండి."

తను వదిలేసి పోయిన పళ్ళెమే ఆ మాట చెప్పిందని బోధపడేసరికి ఒఫేలియా చేతిలో సూది పక్కన పెట్టింది. మిగతావాళ్ళని నర్సుకి అప్పగించి కొండెక్కింది. దారి పొడుగునా ఒకటే గుబులు. 'కాదమ్మా, నీకు లేదు' అందామంటే తనకి తెలిస్తేగా. పోనీ అబద్ధమే ఆడేస్తే, రేపు రోసాల్బా వచ్చి 'మా పిల్లలక్కూడా ఆ మాటనండి' అంటుంది. అక్కడ నోరు మూసుకుంటే వాళ్ళకి ఉన్నట్టే. ఒక్కరికి జవాబిచ్చిందంటే అందరికీ ఇచ్చినట్టే. ఆలస్యమైతే మాత్రం ఆ పిల్ల దక్కదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఆవిడ వస్తోందని కబురు ముందే చేరింది. ఏదో పనున్నట్టు జనం ఎల్వీరా ఇంటి కంచె పక్కన మూగారు. రోసాల్బా కూడా రొప్పుతూ వెనకే వచ్చేసింది. వంటింట్లో ఎల్వీరా బల్ల ముందు కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. గింజలు కింద పడేసి తొక్కలు గిన్నెలో వేస్తోంది. యామిలే పలకరించలేదు. పళ్ళెం నిండా అన్నం, చిక్కుడుగింజలు పెట్టి తెచ్చి డాక్టరు ముందుంచింది. చిక్కిపోయింది పిల్ల. కళ్ళు గుంటలు పడ్డాయి.

"తినండి" అంది.

కంచె దగ్గరివాళ్ళు మెడలు సాచారు. ఒఫేలియా చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఒక్క ముద్ద తింటే చాలు, పిల్ల ఇవాళ్టికి బతుకుతుంది. రేపు తనకి లేదని పెళ్ళి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది. ఉంటేనో? తినకపోతే ఇక్కడే ఉరి వేసినట్టు. అన్నం పళ్ళేన్ని ఇంత భయంగా చూడాల్సి వస్తుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

"ఆ రోజు నాకు కడుపు చెడింది, యామిలే. దొడ్డికి పరిగెత్తాను. అంతే."

"చదువుకున్నోళ్ళు, బాగానే కల్పిస్తారు" అంది రోసాల్బా గుమ్మంలోంచి.

"నాకు తెలీదు తల్లీ. ఒట్టు, నాకు తెలీదు."

"తెలిస్తే చెప్తారా?" అంది యామిలే.

"చెప్పను."

"మరి తినండి. లేదా లేచి వెళ్ళండి. నేను చూసుకుంటాను."

ఒఫేలియా చెంచా బల్లమీద పడేసింది. అంత కోపం మేమెప్పుడూ చూళ్ళేదు.

"నేను తింటే జబ్బు రాదా? ఎవరు చెప్పారే నీకు? నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పట్నించీ ఈ వంటింట్లో తింటున్నాను. ఈవిడ చేతి అరేపా తిననిదే కొండ దిగేదాన్నా? అడుగు మీ పెద్దమ్మని. ఒక్కసారైనా వద్దన్నానా? ఎన్ని తిన్నానే! ఏం ఆగింది? చూడు, మీ అమ్మని చూడు."

ఎల్వీరా తొక్కల గిన్నెలోంచి తలెత్తి అందరికేసి నవ్వుతూ చూసింది. రోసాల్బా నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. ఆ చెల్లెలి వంటింట్లో డాక్టరు పక్కన కూర్చుని తనూ తిన్న రోజులు గుర్తొచ్చి ఉంటాయి. మెల్లగా గుమ్మంలోంచి తప్పుకుంది. కంచె దగ్గరివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా జారుకున్నారు.

యామిలే నేలమీద కూలబడింది. ఒఫేలియా పక్కన చతికిలబడి భుజంమీద చెయ్యేసింది. పిల్ల వెక్కుతూ అంది: "ఇన్నాళ్ళూ ఉందనుకున్నాను. ఏడ్చాను, చచ్చిపోదామనుకున్నాను. కానీ నిద్ర పట్టేది డాక్టరమ్మా. ఇప్పుడు మళ్ళీ ఏమీ తెలీదు. ఇదే ఎక్కువ భయంగా ఉంది."

"తెలుసు తల్లీ. తెలుసుకోవాలనుంటే నగరానికి వెళ్ళు. అక్కడివాళ్ళు కూర్చోబెట్టి పద్ధతిగా చెప్తారు. నా పళ్ళెంలో మాత్రం చూడకు."

యామిలే ముక్కు తుడుచుకుని, "ఫాబియో రోజూ వస్తున్నాడు. తలుపు తియ్యట్లేదు. వాడికి ఏం చెప్పను?" అంది.

"నీకు తెలిసింది చెప్పు."

"నాకేం తెలీదుగా."

"అదే చెప్పు. అది విని కూడా ఉంటానంటే, వాడికి తలుపు తియ్యి."