గోదారికిచ్చిన పింగాణీ బొమ్మలు

మా ఎదురింటి పిన్నిగారు పోయారు. పోయిన నెల, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, పడక్కుర్చీలో నడుం వాల్చి, అలాగే వెళ్ళిపోయారు. ఆ వేళకి నేను మండపేటలో ఒక సభలో మూఢాచారాల మీద మాట్లాడుతున్నాను. వేదిక దిగి ఫోన్ చూస్తే మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక తామరపువ్వు, దాని కింద ‘ఓం శాంతి’, ఆ కింద వరసగా దణ్ణం పెడుతున్న చేతులు. ఇన్నేళ్ళు నా గుమ్మానికి ఎదురుగా బతికిన మనిషి ఆఖరికి నాకు ఒక ఫార్వర్డ్ మెసేజీగా అందారు. ఆ పువ్వు పెట్టినవాడు దొరికితే నాలుగు తిట్టాలనిపించింది. బస్సెక్కి రాజమండ్రి చేరేదాకా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఇలాంటి కబురు వస్తే నేను చెప్పుకునే మనిషి ఆవిడే.

పిన్నిగారు అంటున్నాను గానీ మాకు చుట్టరికం లేదు. వాళ్ళది స్టీలు సామాన్ల కొట్టున్న కుటుంబం. మేడ మీద మరిది, తోడికోడలు, వాళ్ళబ్బాయి ఉండేవారు. కింద వీధి వైపు పొడుగాటి గది పిన్నిగారిది. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయారు. పుట్టింటికి వెళ్ళలేదు, అత్తింట్లో కలవనూ లేదు. మేడ మీంచి క్యారియర్‌లో భోజనం దిగేది, ఖాళీ గిన్నెలు ఎక్కేవి. ఆ గిన్నెల మీద కొట్టు పేరు చెక్కి ఉండేది. ఒకే ఇంట్లో మనిషిని ఒంటరిగా ఉంచడంలో మన కుటుంబాలు సాధించిన ప్రావీణ్యం గురించి నేను చాలా రాశాను. ఇంకా రాస్తాను.

ఆ గదిలో ఒక గోడ పొడుగునా అద్దాల్లేని చెక్క అరలు. వాటి నిండా పింగాణీ బొమ్మలు. గొడుగు పట్టుకున్న దొరసాని, గొర్రెపిల్లని ఒళ్ళో పెట్టుకున్న పిల్ల, ఫిడేలు వాయించే ముసలాయన, చెవులు వేలాడే కుక్కల జంట, లేసు పావడాతో గిర్రున తిరుగుతున్న నాట్యకత్తె. ఆ పావడా లేసు కూడా పింగాణీయే, ఊదితే ఎగిరేలా ఉండేది. ఇవన్నీ ఎప్పుడో బర్మా వెళ్ళొచ్చిన కుటుంబాల పెట్టెల్లోంచీ, అపార్టుమెంట్ల కోసం పడగొట్టిన పాత లోగిళ్ళలోంచీ వచ్చినవి. జర్మనీవి కొన్ని, ఇంగ్లండువి కొన్ని, జపానువి ఎక్కువ. పాత సామాన్ల కొట్టువాడు కూడా కొత్త సరుకు రాగానే ముందు ఆవిడకే కబురు పెట్టేవాడు. ఆవిడ బొమ్మని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవారు, సంతలో కుండని మీటినట్టు. ఖంగుమంటే ఒక రకంగా, బొంగురుగా పలికితే ఇంకో రకంగా తలాడించేవారు. కొనేది మాత్రం బొంగురుగా పలికినవే. ఆ సంగతి అప్పట్లో నేను పట్టించుకోలేదు.

స్టీలు కొట్టు ఇంట్లో ఈ పింగాణీ పిచ్చేంటని ఒకసారి అడిగాను. “స్టీలు గిన్నెని ఎవడైనా విసురుతాడు నాయనా. పగిలేదాన్ని ఇస్తేనే చెయ్యి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది,” అన్నారు. బేసిన్ అడుగున పాత తువ్వాలు పరిచి, కుంకుడు రసం పోసి, పసిపిల్లల పళ్ళ బ్రష్షుతో ఒక్కో బొమ్మనీ కడిగేవారు. ఆ పని మీద ఉన్నప్పుడు పక్కన ప్రపంచయుద్ధం వచ్చినా తలెత్తేవారు కాదు.

అసలు కథ మేడ మీద ఉంది. దసరాకి ఆ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టేవారు. పేరంటం ముత్తైదువులది, కాబట్టి ఆవిడకి పిలుపు లేదు. పెళ్ళయిన ఏడాది తన చేత్తో మెట్లు కట్టి కొలువు పెట్టిన మనిషిని ఆ మరుసటి దసరాకి కిందే కూర్చోమన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. అంత మర్యాదగా చేశారు. నా ఒళ్ళు మండేది ఆ మర్యాదకే. అయితే మేడ మెట్లు మాత్రం ఆవిడ గదిలోంచే పైకి వెళ్ళేవి. పట్టుచీరలు గరగరలాడించుకుంటూ పేరంటాళ్ళంతా ఆ పింగాణీ అరల ముందునుంచే నడవాలి. మొదట్లో ఒక చూపు చూసి పోయేవారు. తర్వాత్తర్వాత శనగల పొట్లం చేత్తో పట్టుకుని దిగివచ్చి కింద గదిలో చతికిలబడేవారు. ఆవిడ బొట్టు పెట్టేవారు కాదు, తాంబూలం ఇచ్చేవారు కాదు. సీసాలోంచి నిమ్మతొన బిళ్ళలు తీసి ఇచ్చేవారు. పైన హారతి పాట పాడుతుంటే కింద నవ్వులు వినబడేవి. తోడికోడలు మెట్ల దగ్గర ఒక పరదా కట్టించింది. పిల్లలు ఆ పరదా కిందనుంచి దూరి వచ్చేవారు.

ఇది తిరుగుబాటు కాక మరేంటి? అదే మాట రాస్తానన్నాను. ఏడాది పొడుగునా ఉండే కొలువు, ముహూర్తం అక్కర్లేని కొలువు, విరిగి భిన్నమైన బొమ్మని ఇంట్లోంచీ భర్త పోయిన మనిషిని పేరంటంలోంచీ తీసేసే సంస్కృతికి చెంపదెబ్బ, అని వాక్యాలు కూడా వినిపించాను. ఆవిడ బ్రష్షు పక్కన పెట్టారు.

“బొమ్మ పగిలింది. నేను బాగానే ఉన్నాను. రెండూ కలపకు.”

“అయితే ఇదంతా ఎందుకండీ?”

“నచ్చాయి, తెచ్చుకున్నాను. నచ్చడానికి కూడా సిద్ధాంతం కావాలా నీకు?”

కావాలన్నాను. ఆ సాయంత్రమంతా వాదించుకున్నాం. అలాంటి సాయంత్రాలు మాకు చాలా ఉండేవి. గుమ్మం పక్క పేము కుర్చీ నాది, గది లోపలి కొసన పడక్కుర్చీ ఆవిడది. నా వ్యాసం అచ్చయిన రోజున పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉండేవారు. “ఇంత కోపం నువ్వే పడిపోతే చదివేవాళ్ళకేం మిగులుతుంది?” అనేవారు. నన్ను మెచ్చుకునేవాళ్ళు ఈ ఊళ్ళో కొందరున్నారు, తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. చదివి, మళ్ళీ మర్నాడు అదే కుర్చీలో కూర్చుని కాదనే మనిషి ఒక్కరే ఉండేవారు. వాదించడానికి మనిషి లేకపోతే నాలాంటివాడికి ఇంట్లో నిశ్శబ్దం ఎంత ఉంటుందో ఈ నెలలో తెలుస్తోంది.

ఒకసారి గొర్రెపిల్ల ఉన్న బొమ్మని తిరగేసి అడుగున అచ్చు చదివాను. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’. యుద్ధంలో ఓడి, పరాయి సైన్యం కింద ఉన్న దేశం గెలిచినవాళ్ళ అలమారాల కోసం చేసిన బొమ్మ ఇది అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, బొమ్మ తీసుకుని మొహం చూశారు. “పాపం, అంత కష్టంలోనూ పిల్లకి నవ్వు మొహమే పెట్టాడు చూడు,” అన్నారు. నా ఉపన్యాసం కన్నా ఆ మాటే నాకు గుర్తుండిపోవడం అన్యాయం.

బొమ్మలన్నీ కాస్త వాలుగా, వీధి గుమ్మం వైపు తిరిగి ఉండేవి. ఎందుకలా అంటే వచ్చేవాళ్ళని పలకరించాలిగా అనేవారు.

పెద్దకర్మకి ముందు రోజు ఇల్లు కడుగుతున్నారు. మరిదిగారబ్బాయి గోనెసంచి తెచ్చాడు. కొట్టు చూసుకునే కుర్రాడు, చెడ్డవాడు కాడు. బాగున్న బొమ్మలు ఉంచేద్దాం, భిన్నమైనవి ఒకటో రెండో ఉంటే రేపు రేవుకి వెళ్ళినప్పుడు గోదాట్లో కలిపేద్దాం అన్నాడు. విరిగిన బొమ్మ ఇంట్లో ఉంచకూడదు, చెత్తలో వెయ్యకూడదు, గోదారికివ్వాలి. ఇక్కడి నమ్మకం అది. దొరసానిని ఎత్తాడు. గొడుగు పట్టుకున్న చెయ్యి బాగానే ఉంది, వెనక చేతికి మణికట్టు లేదు. సంచిలో పడింది. కుక్కల్లో ఒకదానికి తోక లేదు. ఫిడేలు ముసలాయనకి వీపు మీద చెయ్యి దూరేంత కన్నం. నాట్యకత్తె పావడాకి గోడ వైపు సగం లేసు లేనే లేదు. అతను ఎత్తినకొద్దీ మొహం మారిపోతోంది. బాగున్న బొమ్మ ఒక్కటీ లేదు.

నేను మాట్లాడాను. ఇవి దేవుళ్ళు కావన్నాను, కాల్చిన మట్టన్నాను, నది చెత్తకుండీ కాదన్నాను. గట్టిగానే అన్నాను. “అంకుల్, ఇదంతా మీ వ్యాసంలో చదివానండి. కాస్త పక్కకి జరగండి, తడిగుడ్డ పెట్టాలి,” అన్నాడు.

అప్పుడు కడగడానికి వచ్చిన ఆడవాళ్ళలో చివరింటావిడ గొర్రెపిల్ల బొమ్మ మీద చెయ్యి వేసింది. అది మాది, అంది నెమ్మదిగా. మామగారు రంగూను నుంచి తెచ్చారట, తన చేతిలోంచి జారి బొమ్మ మోచెయ్యి విరిగిందట. తిరగేసి అచ్చు చదివిన నాకే ఆ మోచెయ్యి కనబడలేదు. గోదాట్లో వెయ్యడానికి కొంగులో దాచుకుని వెళుతుంటే పిన్నిగారు గుమ్మంలోంచి పిలిచి, గోదారికిచ్చేది నాకియ్యమ్మా, ఎవరికీ చెప్పనులే అన్నారట. ఆ మాట పూర్తికాకముందే ఇంకొకావిడ ఫిడేలు ముసలాయనని తీసుకుంది. ఇంకొకావిడ కుక్కల్ని చూపించింది. వీధిలో ఒక్కో ఇంటికీ ఒక్కో బొమ్మ, ఒక్కో రహస్యం. ఎవరికి వాళ్ళు తమ బొమ్మ ఒక్కటే విరిగిందనీ, మిగతావన్నీ నిక్షేపంలా ఉన్నాయనీ అనుకుంటూ ఇన్నేళ్ళూ ఆ అరల ముందు నడిచారు. ఏ బొమ్మా వాళ్ళకెప్పుడూ విరిగిన వైపు చూపించలేదు.

తోడికోడలు మెట్లు దిగి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ అరల ముందు ఆవిడ ఆగి నిలబడడం నేను చూడలేదు. పై అరలోంచి ఒక చిలకని తీసింది. ముక్కు లేని పింగాణీ చిలక. ఒకప్పుడు మేడ మీద కొలువులో పెట్టిందట. కడుగుతుంటే తన చేతిలోనే విరిగితే, గోదాట్లో కలిపేశానని అత్తగారికి చెప్పిందట. దాన్ని పట్టుకునే కొడుకు వైపు తిరిగింది.

“సంచి విప్పు.”

“అమ్మా, భిన్నమైనవి...”

“ఇవన్నీ ఒకసారి గోదారికిచ్చేసినవేరా. ఇచ్చిందాన్ని మళ్ళీ ఎలా ఇస్తావు? ఎక్కడివక్కడ పెట్టు.”

అతను సంచి విప్పాడు. ఆ తర్కం తప్పు. ఇప్పటికీ తప్పే అంటాను. మూఢనమ్మకాన్ని మూఢనమ్మకంతోనే ఆపడం నాకు సమ్మతం కాదు. అరగంట నేను చెప్పిన శాస్త్రీయమైన మాటలకి కదలని సంచి, తోడికోడలి ఒక్క మాటకి ఖాళీ అయింది. దీని మీద నేను చెప్పవలసింది చాలా ఉంది. ఎదురుగా కూర్చుని కాదనే మనిషి లేరు.

ఆడవాళ్ళంతా కలిసి బొమ్మల్ని సర్దారు. ఏది ఎక్కడిదో, ఎంత వాలులో ఉండేదో వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. పడక్కుర్చీని ఎవరూ ముట్టుకోలేదు. పోయిన మనిషి కుర్చీలో కర్మ కాకముందు కూర్చోకూడదంటారు. అందుకే కూర్చున్నాను.

అక్కణ్ణుంచి నేనెప్పుడూ ఆ గదిని చూడలేదు. లోపలి కొసనుంచి చూస్తే ఒక్క బొమ్మ మొహమూ కనబడదు. మణికట్టు లేని చెయ్యి, సగం పావడా, వీపులో కన్నం, తోక లేని కుక్క, వరసగా గోడ పొడుగునా విరిగిన వైపులన్నీ ఆవిడవే. దీనికో సిద్ధాంతం చెప్పగలను. చెబితే ఏమంటారో కూడా తెలుసు. అందుకని ఊరుకున్నాను.

గోదారి వంతెన మీద గూడ్సు బండి వెళుతుంటే అరల మీద బొమ్మలన్నీ సన్నగా గలగలలాడాయి. ఆ వరస చివర, వీధి వెలుతురులో, అవన్నీ మొహం తిప్పి చూస్తున్న చోట, నా పేము కుర్చీ ఖాళీగా ఉంది.