ఆవిడ లేని ఏడాది మలసాదలు

డబ్లిన్‌లో మా పక్కింట్లో పోర్చుగీసు దంపతులు ఉండేవారు. చిన్న వయసులో అజోర్స్ దీవుల నుంచి వచ్చి ఇక్కడే ముసలివాళ్ళయ్యారు. ఏటా క్రైస్తవుల లెంట్ ఉపవాసాలకు ముందు వచ్చే మంగళవారం ఆవిడ మలసాదలు వేసేవారు. ఈస్ట్‌తో పొంగిన పిండిని చేత్తో సాగదీసి, నూనెలో వేయించి, వేడి మీదే పంచదారలో దొర్లించేవారు. ఆయన వాటిని పళ్ళేల్లో పెట్టి వీధంతా పంచి వచ్చేవారు.

ఈ చలికాలం ఆవిడ పోయారు. ఆ తర్వాత ఆయన బయట కనబడడమే తగ్గిపోయింది.

ఆ మంగళవారం నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. మా అమ్మాయికి స్కూల్ సెలవులు. బెల్ మోగితే తనే వెళ్ళి తలుపు తీసింది.

"అమ్మా, పక్కింటి అంకుల్ వచ్చారు. చేతిలో ఏదో బౌల్ ఉంది. చాలా శాడ్‌గా ఉన్నారు."

గిన్నెలో పిండి ముద్ద గట్టిగా, బిగుసుకుపోయి ఉంది.

"పొంగలేదు," అన్నారాయన ఇంగ్లీషులో. "ఆస్పత్రిలో కూడా మా ఆవిడకి ఇదే బెంగ. ఈసారి వీధిలోవాళ్ళకి ఎవరు చేసి పెడతారని. నేను చేస్తానన్నాను. కానీ నాకు చేతకావడం లేదు."

నాకు గారెలొచ్చు, బూరెలొచ్చు. ఈస్ట్ జోలికి ఎప్పుడూ పోలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన తలూపారు గానీ గుమ్మంలోంచి కదల్లేదు. మీటింగ్ కాన్సిల్ చేసి, లోపలికి రమ్మన్నాను.

ఆ ముద్ద పక్కన పెట్టి, ఆయన చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టాం. పాలు కాచి, పెరుగు తోడు పెట్టేటప్పటిలాగే వేలు ముంచి వేడి చూశాను. ఈస్ట్ వేస్తే కాసేపటికి నురగ కట్టింది. గుడ్లు ఆయనే కొట్టారు. వెన్న, నిమ్మతొక్క తురుము వేసి పిండి కలపడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నారు.

"ఇంకా కలపాలి," అన్నారు. "ఆవిడ పిండిని గిన్నెకేసి కొడుతుంటే ముందు గదిలోకి వినిపించేది. ఇంకా ఆ చప్పుడు రాలేదు."

చెయ్యి నొప్పి పుడితే మా అమ్మాయి అందుకుంది. చాలాసేపటికి ఆయన "అదే," అన్నారు.

పిండి పొంగాక, గారెలకు తడిచేసుకున్నట్టే చెయ్యి తడిచేసుకుని, ముద్దలు సాగదీసి నూనెలో వేశాను. మొదటి వాయి మాడింది. రెండోది బాగానే వచ్చింది. ఆయన ఒకటి తీసుకుని నెమ్మదిగా నమిలారు.

"ఆవిడవి ఇలా ఉండేవి కావు," అన్నారు. అంటూనే ఇంకొకటి తీసుకున్నారు.

పంచడానికి నన్నూ తోడు రమ్మన్నారు. మొదటి ఇంట్లో ఒక యువతి నవ్వుతూ పళ్ళెం అందుకుంది. "సంవత్సరమంతా వీటి కోసమే చూస్తాం! మీ ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడిగింది.

ఆయన నోరు తెరిచారు. నా వైపు చూశారు.

"ఆవిడ పోయారు," అన్నాను నేను.

ఆ అమ్మాయి పళ్ళెం మెట్టు మీద పెట్టేసి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. అంత్యక్రియలప్పుడు కూడా ఏడవని మనిషి అక్కడ, పట్టపగలు, వాళ్ళ గుమ్మం ముందు భోరుమన్నారు.

ఇంటికెళ్ళిపోదామా అని అడిగాను. వద్దన్నారు. ముఖం తుడుచుకుని, ఆ పక్కింటి బెల్ తనే నొక్కారు.

"నా భార్య చనిపోయింది," అన్నారు తలుపు తీసినాయనతో. "ఇవి మీకిమ్మని చెప్పింది."

ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ ఆ మాట ఆయనే చెప్పారు.