రెండోసారి పూసిన నురగ

తాతకి మనుషుల పేర్లు గుర్తుండకపోవడం కొత్తేమీ కాదు. సెలూన్ పెట్టిన నాటి నుంచి ఎవరినీ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. రెండు సుడులాయన, ముళ్ళ గడ్డమాయన, ఇంతే ఆయన లెక్క. అందుకే మతిమరుపు వచ్చి తిష్ట వేసినా ఇంట్లో ఎవరూ పసిగట్టలేదు.

చివరికి టైర్ల షాపాయన వల్ల బయటపడింది. ఆయన కుర్చీ ఎక్కితే చాలు, గురకే. తాత గడ్డం గీసి, టీ తాగొచ్చి, బ్రష్షు తడిపి మళ్ళీ నురగ పూశాడు. కత్తి రెండో చెంప మీదికి వచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏంటి పెద్దాయనా, ఒకటి గీయించుకుంటే ఇంకోటి ఫ్రీనా?"

షాపంతా గొల్లున నవ్వింది. పక్క కుర్చీ దగ్గర జుట్టు కత్తిరిస్తున్న తాత కొడుకు మాత్రం నవ్వలేదు. కత్తి తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

ఆసుపత్రిలో తాతని గొట్టంలాంటి మిషన్‌లోకి పంపి తల లోపలి ఫొటోలు తీశారు. డాక్టరమ్మ తెర మీద ఒకచోట వేలు పెట్టింది.

"కొత్త సంగతుల్ని దాచిపెట్టే భాగం ఇది. మీ వయసుకి ఉండాల్సినదానికంటే కాస్త చిక్కింది. ముదురుతుందో లేదో ఇప్పుడే చెప్పలేం. అప్పుడప్పుడూ చూస్తుండాలి."

"ఇంత పెద్ద ఫొటోలో జుట్టు పడలేదేంటమ్మా? దువ్వుకునే వచ్చానే!" అన్నాడు తాత. తర్వాత గొంతు తగ్గించి, "కత్తి పట్టొచ్చా?" అని అడిగాడు.

"మీకు గీయడం గుర్తుంది. గీసిన సంగతే గుర్తుండట్లేదు. అదొక్కటీ చూసుకోండి."

తాత ఆ మాట పట్టుకున్నాడు. గడ్డం పూర్తవగానే కుర్చీని వీధి వైపు తిప్పెయ్యాలని నియమం పెట్టుకున్నాడు. అద్దం వైపు ఉంటే పని ఉన్నట్టు, వీధి వైపు ఉంటే అయిపోయినట్టు.

"తిప్పడం కూడా మర్చిపోతే?" అన్నాడు కొడుకు.

"అప్పుడు నాకే గుండు గీసి ఇంట్లో కూర్చోబెట్టు."

కొడుకు సొరుగు తాళం తీశాడు. "ఇంకొక్కసారి అలా జరిగితే మాత్రం కత్తి ఇవ్వను నాన్నా."

టైర్ల షాపాయన మళ్ళీ వచ్చాడు, మళ్ళీ గురక పెట్టాడు. తాత టీ తాగొచ్చి బ్రష్షు తడిపాడు. కొడుకు కత్తెర ఆగింది.

తాత కుర్చీ దాకా వెళ్ళి ఆగాడు. అది వీధి వైపు తిరిగి ఉంది. గీశాడో లేదో అప్పటికీ గుర్తు రాలేదు. అయినా కుర్చీనే నమ్మి, బ్రష్షు విదిలించి గూట్లో పెట్టి, ఆయన భుజం తట్టాడు.

"లెయ్యవయ్యా, అయిపోయింది."

ఆయన చెంపలు తడుముకున్నాడు. "ఒక్కసారేనా?"

"రెండోది కావాలంటే రేపు రా."

పక్కన కత్తెర మళ్ళీ కదిలింది.