ఎర్ర దారం కట్టిన జాకెట్

జుబేదా ఆంటీ పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆమె మనవరాలు ఆలియా. ఆ పొద్దున నేను మా ఇంటి గరాజ్‌లో పీట వేసుకుని, ఎవరో వాడి వదిలేసిన చేపల గేలం రీల్ ఒకటి విప్పి, ఉప్పు పట్టిన పళ్ళచక్రాలను వెనిగర్‌లో ముంచిన బ్రష్‌తో రుద్దుతున్నాను. వెనిగర్ ఘాటు, దాని అడుగున ఎండిపోయిన ఎర వాసన, గ్రీజు వాసన. ఆలియా స్కూల్ యూనిఫాంలోనే వచ్చి షట్టర్ దగ్గర నిలబడింది. "షమీమ్ ఆంటీ, దాదీ ఈజ్ గాన్," అంది. ఎప్పుడమ్మా, ఎలా అని నేను తెలుగులో అడుగుతుంటే, అంతా అర్థమైనా ఎప్పటిలాగే ఇంగ్లీష్‌లో, "ఇన్ హర్ స్లీప్," అని మాత్రం చెప్పి నా భుజం మీద తల పెట్టేసింది. ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళం ఆమెకు ఆఖరి స్నానం చేయిస్తున్నప్పుడు, కర్పూరం కలిపిన నీళ్ళు పోస్తున్న నా వేళ్ళ నుంచి ఆ గరాజ్ వాసనే వచ్చింది. ఎన్నిసార్లు కడుక్కున్నా పోలేదు. పోకపోవడమే మంచిదైందని తర్వాత అనిపించింది. ఆమెను సాగనంపడానికి ఆమె పనివాసన కూడా వచ్చినట్టుంది.

మీరు ఆమెను చూసి ఉండరు. ఒంగోలులో చాలా ఏళ్ళు మందుల షాపు నడిపిన ఫార్మసిస్టు. భర్త కరీం అంకుల్ రిటైరయ్యాక ఇద్దరూ పర్త్‌లో, హారిస్‌డేల్‌లో, కొడుకు ఇమ్రాన్ దగ్గరకు వచ్చేశారు. మా వీధి చివరి ఇల్లే. ఇక్కడ ఇంట్లో అక్కర్లేని పెద్ద సామాను ఇంటిముందు గడ్డి మీద పెడితే కౌన్సిల్ వాళ్ళు బండిలో ఎత్తుకుపోతారు. అలా పారేసిన ఒక చేపల గేలాన్ని చూసి ఆంటీ మనసు ఒప్పుకోలేదు. తీసుకొచ్చి తుడిచింది, బాగుచేసింది, ఇమ్రాన్ చేత ఆన్‌లైన్‌లో అమ్మించింది. అక్కడ మొదలై, సముద్రంలో ఒక్కసారి కూడా కాలు తడుపుకోని ఆ మనిషి గరాజ్ నిండా గేలాలు, రీళ్ళు, వలలు, లైఫ్ జాకెట్లు చేరాయి.

పెళ్ళయి ఈ దేశం వచ్చిన కొత్తలో నేను గుమ్మం దాటేదాన్ని కాదు. అల్లా దయవల్ల భర్త మంచివాడు, ఇల్లు చల్లగా ఉంది, అయినా తలుపు బెల్ మోగితే కిటికీ తెర సందులోంచి చూసేదాన్ని. ఒకరోజు ఆంటీ వచ్చి సేమ్యా గిన్నె నా చేతిలో పెట్టి, "ఏం చదువుకున్నావమ్మాయ్?" అని అడిగింది. సిగ్గుపడుతూ, "బడికి పోలేదు ఆంటీ. ఖురానూ తెలుగూ ఇంట్లోనే మా అమ్మమ్మ నేర్పింది," అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మంచిదే. ఇంకా ఎవరూ పాడుచెయ్యలేదన్నమాట. రేప్పొద్దున గరాజ్‌కి రా, పనుంది," అంది. పని పేరుతో ఆమె నన్ను మనుషుల్లో పడేసింది. ఇంగ్లీషూ, కారు నడపడమూ, గట్టిగా మాట్లాడడమూ అన్నీ ఆ గరాజ్‌లో నాకు దక్కినవే.

ఆ గరాజ్‌కి ఒక పద్ధతి ఉండేది. లోపమున్న ప్రతి వస్తువుకూ ఆంటీ ఒక ఎర్ర దారం కట్టేది. మందుల షాపులో గడువు దాటబోయే మందుల పెట్టెకు అలాగే కట్టేదట, కుర్రాళ్ళు చూసుకోకుండా ఎవరి చేతిలోనో పెట్టేస్తారేమోనని. దారమున్న వస్తువు బాగుపడేదాకా కొక్కెం దిగకూడదు. బాగుపడనిది అమ్మాల్సి వస్తే, ఐబు, అంటే దాని లోపం, ముందు చెప్పాలి, ధర తర్వాత. నేను మొదటిసారి ఒక గేలం అమ్మిన రోజు, నిక్కరు వేసుకుని తలుపంత మనిషి వచ్చి నిలబడితే నేను రెండడుగులు వెనక్కి వేశాను. వెనక నుంచి ఆంటీ నా వీపు మీద పొడిచి, "ఐబు చెప్పవే, అతనేం కొరకడు," అంది. "సార్, దిస్ రాడ్ హాజ్ వన్ ప్రాబ్లం," అన్నాను. అతను పగలబడి నవ్వి, "సో డూ ఐ, లవ్," అని కొనుక్కుపోయాడు.

ఇదంతా అమ్మేటప్పటి సంగతి. కొనేటప్పుడు ఆంటీ వేరే మనిషి. ఒకసారి మా పక్క సబర్బ్‌లో ఒక తెల్లావిడ గేలాల కట్ట, ఎరల పెట్టె, గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్ కలిపి అమ్మకానికి పెడితే ఇద్దరం వెళ్ళాం. ఆమె అన్నీ చేతికిచ్చింది కానీ జాకెట్‌ని మాత్రం ముట్టుకోలేదు. గోడవైపు చూపించి, అది కూడా తీసుకెళ్ళండి అంది. ఆమె తొందర చూసి ఆంటీ బేరం ఇంకా కిందికి దించింది. ఆమె ఒప్పేసుకుని తలుపు వేసుకుంది. కారులో నేను ఉండబట్టలేక, "ఆంటీ, ఆమె ఆ జాకెట్ వంక చూడను కూడా లేదు, గమనించారా?" అన్నాను. "వాళ్ళ ఇంటి విషయాలు మనకెందుకు షమీమ్? అమ్మేటప్పుడు నోరు తెరవాలి, కొనేటప్పుడు కళ్ళు తెరవాలి. అంతే," అంది. నాకు ఆ మాట మింగుడుపడలేదు. అయినా అంత పెద్దామెకు నేనేం చెబుతాను?

ఇంటికొచ్చి జాకెట్ విప్పి చూస్తే అందులో చిన్న గ్యాస్ సిలిండర్ ఉంది. తాడు లాగితే లోపలి సూది దాని మూతిని పొడుస్తుంది, జాకెట్ క్షణంలో ఉబ్బుతుంది. ఒక్కసారికే పనికొస్తుంది. ఆ సిలిండర్ మూతికి అప్పటికే చిల్లు పడి ఉంది. ఎవరో ఆ ఖాళీ సిలిండర్‌నే తిరిగి బిగించి, జాకెట్‌ని చక్కగా మడిచి పెట్టారు. పైకి చూస్తే కొత్తదే. వేసుకున్నవాడికి మాత్రం అది మెడలో ఒక గుడ్డ. ఆంటీ మా ఆయన చేత కొత్త సిలిండర్ ఆర్డర్ చేయించి, జాకెట్‌కి రెండు వరసల దారం కట్టి కొక్కేనికి వేసింది.

ఆ వారంలోనే వాళ్ళింట్లో నలుగురూ కూర్చుని ఖురాన్ మొత్తం చదివి ముగించే ఖత్మ్ పెట్టుకున్నారు. చుట్టాలు గరాజ్‌లో కూర్చోవాలని కరీం అంకుల్ సర్దడానికి దిగారు. ఆయన నిష్ఠ గల మనిషి. తాయెత్తులన్నా, దిష్టి దారాలన్నా, అల్లాను వదిలి వాటిని నమ్మడమేనని మండిపడేవారు. అప్పటిదాకా ఆ గరాజ్‌లోకి సరిగ్గా తొంగి చూసినవారు కూడా కాదు. గేలానికో దారం, రీలుకో దారం వేలాడుతుంటే ఆయనకి ఒళ్ళు మండిపోయింది. కత్తెర తెచ్చి ఒక్కటీ మిగల్చకుండా కత్తిరించి చెత్తబుట్టలో వేశారు. ఆంటీతో ఒక్క మాట అనలేదు, ఖత్మ్ హడావిడిలో ఆమె కూడా కొక్కేల వైపు చూడలేదు. భార్యను నలుగురిలో చిన్నబుచ్చడం ఇష్టంలేక, లోపల్లోపల ఆమె కోసం దువా చేసుకుని ఊరుకున్నారట.

సిలిండర్ పోస్టులో వచ్చిన శనివారం పొద్దున మేమిద్దరం గరాజ్‌లోకి వెళ్ళాం. కొక్కెం ఖాళీగా ఉంది.

"ఇమ్రాన్! ఇక్కడి జాకెట్ ఏది?"

ఇమ్రాన్ కాఫీ కప్పుతో వచ్చాడు. "అమ్మీ, అది నిన్న ఆఫ్టర్‌నూన్ అమ్మేశాను కదా. దారం లేదు, రిపేర్ అయిపోయిందనుకున్నా."

ఆంటీ ఖాళీ కొక్కేన్ని చేత్తో తడిమింది. వెనకే వచ్చిన అంకుల్, "దారాలా? అవి నేనే తీశాను. వస్తువులకు తాయెత్తులేంటి, తౌబా," అన్నారు. ఆంటీ ఆయన వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. కోపం కాదది, కాళ్ళ కింద నేల జరిగినట్టు. "తాయెత్తులు కాదండీ," అంది నెమ్మదిగా. "అది వేసుకుని నీళ్ళలో పడితే మునిగిపోతాడని గుర్తు."

ఎవరికి అమ్మావంటే ఇమ్రాన్ తడబడ్డాడు. కొన్నతను తెల్ల యూట్‌లో, అదే వెనక తొట్టి ఉండే బండిలో, వచ్చాడు, బావమరిదితో కలిసి సాల్మన్ చేపలకని యాలింగప్ తీరం వైపు రాళ్ళ మీదికి ఈరోజే వెళ్తున్నానన్నాడు. ఇమ్రాన్ అతనికి మెసేజ్ పెట్టాడు. చూడలేదు. ఫోన్ చేశాడు. సిగ్నల్ లేదు. "చూస్తాడులే అమ్మీ. అయినా యాడ్‌లో 'యాజ్ ఈజ్, నో రిటర్న్స్' అని క్లియర్‌గా పెట్టాను. లీగల్‌గా మన మీదికి ఏం రాదు. ఇప్పుడు మనమే వెళ్ళి చెప్తే రేపు అదే ప్రాబ్లం అవుతుంది."

"సముద్రానికి నీ యాడ్ చదవడం వచ్చా?" అంది ఆంటీ. సిలిండర్ గుప్పిట్లో పట్టుకుని నా వైపు తిరిగింది. "షమీమ్, కారు తియ్."

హైవే మీద అంత దూరం, మూడు గంటల దారి, నేనెప్పుడూ నడపలేదు. బిస్మిల్లా అని మొదలుపెట్టాను. మాండురా దాటాం, బన్‌బరీ దాటాం. దారిలో పోలీసులకు ఫోన్ చేస్తే వాళ్ళు మర్యాదగానే, ఏ బీచ్, మనిషి పేరేంటి అని అడిగారు. చెప్పడానికి మా దగ్గర తెల్ల యూట్, మోగని ఫోన్ నంబరు తప్ప ఏమీ లేదు. ఆంటీ ఆ సిలిండర్‌ని ఒళ్ళో కూడా పెట్టుకోలేదు, పిడికిట్లోనే ఉంచుకుంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒక్కసారి మాత్రం, "కొంచెం తొక్కవే," అంది. మళ్ళీ వెంటనే, "వద్దులే, మనం కూడా చేరాలిగా," అంది.

తీరం వెంట ఆగిన ప్రతిచోటా తెల్ల యూట్‌లే. ఈ దేశంలో సగం మంది తెల్ల యూట్‌లోనే తిరుగుతారు కాబోలు. మూడో పార్కింగ్‌లోనో, నాలుగో దానిలోనో దిగి చూస్తే, కింద నల్లటి రాళ్ళ అంచున ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడి మెడ చుట్టూ, ఛాతీ మీదుగా ఆ జాకెట్. అల వచ్చి రాయిని కొడితే తెల్లటి నురగ అతని మోకాళ్ళదాకా లేచి పడుతోంది. ఆంటీ అరిచింది. గాలికి ఆ అరుపు మాకే వినపడలేదు. ఆమె మోకాళ్ళు ఆ దారి దిగలేవు. "నువ్వు వెళ్ళు," అంది.

చెప్పులు వదిలేసి దిగాను. రాయి జారుతోంది. పరాయి మగవాళ్ళు, పెద్ద సముద్రం, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీష్ ముక్కలు. దగ్గరికి వెళ్ళేసరికి నమస్కారం, క్షమాపణ, నేను ఎవరినన్నది, ఏదీ గుర్తుకురాలేదు. నా నోటి నుంచి మొదట వచ్చింది ఐబే. "యువర్ జాకెట్ ఈజ్ డెడ్!" అని అరిచాను. "వాట్?" అన్నాడతను. నాకు మతి చెడిందనుకుని ఉంటాడు. "పుల్! ప్లీజ్, పుల్!" తాడు చూపించాను. నవ్వుతూ లాగాడు. టక్ మని చిన్న చప్పుడు. అంతే. మళ్ళీ లాగాడు. నవ్వు పోయింది. అప్పుడే మరో అల వచ్చి కొట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, సామాను తీసుకుని నా వెనకే పైకి ఎక్కారు.

పైకి రాగానే అతనికి కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? "ఎవరు అమ్మారు నాకు ఇది?" అని ఇంగ్లీష్‌లో గద్దించాడు.

"ఐ సోల్డ్," అంది ఆంటీ.

"కాదు, ఎవరో కుర్రాడు."

"మై హౌస్. ఐ సోల్డ్."

నేను మధ్యలో అందుకుని, దారాల సంగతి, అంకుల్ సంగతి చెప్పబోతే ఆంటీ తెలుగులో ఆపింది. "ఊరుకో. చావు తప్పించుకున్న మనిషికి మన ఇంటి పురాణం ఎందుకు?" తర్వాత పిడికిలి విప్పింది. అంతసేపు పట్టుకోవడంతో సిలిండర్ అంచు ఆమె అరచేతిలో గుండ్రంగా అచ్చుపడింది. అతను ఆ అచ్చునూ, ఆమె మొహాన్నీ చూశాడు. "పర్త్ నుంచి వచ్చారా? దీనికోసమా?" అని యూట్ వెనక తొట్టి మీద కూలబడ్డాడు. ఆంటీ సిలిండర్ అతని చేతిలో పెట్టి, షాపులో బిగించి ఇస్తారని, అప్పటిదాకా రాయి దిగొద్దని చెప్పింది. "టుడే నో ఫిష్," అంది వేలు చూపిస్తూ. అతను, "నో, మ్యామ్," అన్నాడు. మర్నాడు ఇమ్రాన్‌కి అతని మెసేజ్ వచ్చింది, మీ అమ్మంటే నాకు భయమేస్తోందని. ఇమ్రాన్ దాన్ని అందరికీ చూపించి నవ్వాడు. ఆ రోజు తర్వాత 'యాజ్ ఈజ్' అన్న మాట అతని యాడ్లలో నాకు కనపడలేదు.

పార్కింగ్ పక్క గడ్డి మీద సాయంత్రపు అసర్ నమాజ్ చదువుకున్నాం. ఆంటీ నుదురు నేలకు ఆనించిన సజ్దా నుంచి చాలాసేపు లేవలేదు. లేచాక సముద్రం వైపే చూస్తూ, "షమీమ్, ఆ సిలిండర్‌కి ముందే చిల్లు ఉంది కదా. అంటే ఆ జాకెట్ ఒకసారి తెరుచుకుంది. ఎవరో నీళ్ళలో పడ్డారు," అంది. కొంగుకు అంటిన గడ్డి దులుపుకుని మళ్ళీ తనే మొదలుపెట్టింది. "ఆమె దాన్ని ముట్టుకోలేదని నువ్వు చూశావు. నేను ధర చూశాను. ఎవరిది తల్లీ అని ఒక్క మాట అడగలేదు."

తిరిగొచ్చాక ఆ జాకెట్ అమ్మిన తెల్లావిడ ఇంటికి వెళ్ళాం. అద్దెకివ్వబడునని బోర్డు ఉంది. కిటికీలకు తెరలు లేవు. వీధిలో ఎవరికీ ఆమె ఎక్కడికి వెళ్ళిందో తెలియదు. ఆ జాకెట్ తెరుచుకున్న రోజు ఆ మనిషి ఒడ్డుకు చేరాడో లేదో మాకు తెలియలేదు, ఇక తెలియదు కూడా. ఆ తర్వాత ఆంటీ ఎవరి దగ్గర ఏది కొన్నా ధర కంటే ముందు, "ఎవరిది ఇది?" అని అడిగేది. కొందరు విసుక్కునేవారు. కొందరు గుమ్మంలోనే ఏడ్చేసేవారు. ఆంటీ అక్కడే నిలబడి వినేది, బేరం మాట ఎత్తకుండానే చాలాసార్లు వెనక్కి వచ్చేసేది. కరీం అంకుల్ మాత్రం తన చేత్తో దారాలన్నీ మళ్ళీ కట్టారు. "ముసలితనంలో నా చేత తాయెత్తులు కట్టిస్తున్నావు," అని గొణిగితే, "ముడి గట్టిగా వెయ్యండి," అనేది ఆంటీ.

ఇప్పుడు ఆ దారపు ఉండ నా గరాజ్‌లో ఉంది. నేనూ ముందు ఎవరిదని అడుగుతాను, ఐబు ముందు చెబుతాను. బడి మొహం చూడని నన్ను ఆ గుమ్మాల ముందు నిలబడగలిగేలా చేసినందుకు ఆమెకు ప్రతి పూటా రుణపడి ఉన్నాను. ఆమె కోసం దువా చేసేవాళ్ళం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. ఆమె మాత్రం చివరిదాకా ప్రతి నమాజ్ తర్వాత చేతులెత్తి, పేరు తెలియని ఒకరి కోసం వేడుకునేది. ఆ వంతు ఇప్పుడు ఖాళీ అయింది. చదివిన మీరు, మీ దేవుణ్ణి మీరు ఏ పేరుతో పిలిచినా సరే, ఆ జాకెట్‌ని మొదట వేసుకున్న మనిషిని ఒక్కసారి తలుచుకోండి.